మామ చేలో పంది, బావ చేతిలో .308

బీజీఎంఐ ఆడే ప్రతి ఒక్కరికీ రెండు నంబర్లు కంఠతా వచ్చు: 5.56, 7.62. అర్ధరాత్రి హాస్టల్ కారిడార్‌లో "సెవెన్ ఉంటే డ్రాప్ చెయ్ రా" అని అరిచే మనలో నిజం తూటాని చేత్తో పట్టుకున్నవాడు ఒక్కడూ ఉండడు. నేనూ పట్టుకోలేదు. కానీ ఈ సెమిస్టర్‌లో రెండు వారాలు డేటా స్ట్రక్చర్స్ పక్కన పెట్టి తూటాల మీదే కూర్చున్నాను. దానికి కారణం మా బావ.

బావ అంటే మా మేనమామ కొడుకు. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాడు. పోయినేడు గ్రీన్ కార్డ్ వచ్చింది. ఆఫీసు ఫ్రెండ్‌కి ఊరి బయట ఒక రాంచ్ ఉందట, అక్కడ అడవి పందులు, తెల్లతోక జింకలు. బావకి సొంతంగా ఒక రైఫిల్ కట్టించుకోవాలనిపించింది. షాపులో రెడీమేడ్ కాకుండా బ్యారెల్, యాక్షన్, స్టాక్ అన్నీ ఏరి మరీ చేయించుకునేది. "ఒరేయ్, నువ్వు స్ప్రెడ్‌షీట్ మనిషివి కదా, ఏ కార్ట్రిడ్జ్ బెటరో లెక్కేసి చెప్పు" అన్నాడు. గన్ ముట్టుకోని వాడిని గన్ గురించి అడగడం ఏంటో! అయినా లెక్కలకి గన్ అక్కర్లేదు, ఇంటర్ ఫిజిక్స్ చాలు.

ముందుగా గేమ్ మనకి చెప్పిన అబద్ధం ఒకటి. గేమ్‌లో ఏకేఎం, ఎస్ఎల్ఆర్, కార్98కే మూడింటికీ ఒకటే 7.62 డబ్బా. నిజంగా ఏకేఎం తూటా 7.62×39, ఎస్ఎల్ఆర్‌ది 7.62×51. కార్98కే అయితే అసలు 7.62 కానే కాదు, 7.92×57 మౌజర్. ఒకదాని తూటా ఇంకోదాంట్లో పనిచేయదు. మొదటి నంబర్ లావు, రెండోది ఇత్తడి గొట్టం పొడవు, రెండూ మిల్లీమీటర్లలో. లావు ఒకటే అయినంత మాత్రాన తూటా ఒకటే కాదు. ఫోన్ల ఛార్జింగ్ పోర్ట్ చూడండి, అన్నీ టైప్-సీ లాగే కనిపిస్తాయి, లోపల ఒకటి 10 వాట్లు, ఇంకోటి 100 వాట్లు. అలాగన్నమాట.

తూటా అంటే నాలుగు భాగాలు: ఇత్తడి కేస్, దానిలో మందు, అడుగున ప్రైమర్, పైన బుల్లెట్. ఎగిరేది బుల్లెట్ ఒక్కటే, మిగతాదంతా దాన్ని తోసే ఏర్పాటు. ఈ వ్యాసంలో తూటా అంటే మొత్తం, బుల్లెట్ అంటే ఎగిరే ముక్క.

ఇక పేర్లు. సీనియర్లు వదిలేసి వెళ్ళిన కోడ్‌లో వేరియబుల్ నేమ్స్ చూసి మనం తిట్టుకుంటాం కదా, తూటాల పేర్ల ముందు అది చాలా శుభ్రం. .30-06 లో 06 అంటే 1906, అది వచ్చిన సంవత్సరం. 7ఎంఎం-08 లో 08 సంవత్సరం కాదు, అది .308 కేస్ నుంచి పుట్టిందని గుర్తు, వచ్చింది 1980లో. .270 విన్చెస్టర్ బుల్లెట్ లావు .270 అంగుళాలు కాదు, .277. .45-70 లో 70 అంటే అప్పట్లో పోసిన నల్లమందు గ్రెయిన్లు. 12 బోర్ అంటే ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసం గుండ్లు పన్నెండు కలిపితే ఒక పౌండు బరువు. ఒక్కొక్కరు ఒక్కో కాలంలో తోచిన పేరు పెట్టుకుంటూ పోయారు, రీఫ్యాక్టర్ చేసినవాడు లేడు.

బావ అడిగింది మధ్యరకం తూటా. ఉడతలు కొట్టే చిన్నవీ వద్దు, ఆఫ్రికాలో దున్నల్ని కొట్టే పెద్దవీ వద్దు. ఈ మధ్యలోనే గుంపంతా ఉంది. నేను నాలుగు తీసుకున్నా: 6.5 క్రీడ్‌మోర్, 7ఎంఎం-08 రెమింగ్టన్, .308 విన్చెస్టర్, .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్. వీటిలో అన్నిటికన్నా చిన్నది 2007లో వచ్చిన క్రీడ్‌మోర్. అంటే ఈ ఫీల్డ్‌లో మనకన్నా పెద్దదే.

మామూలు ఫ్యాక్టరీ తూటాల నంబర్లు తీసుకుంటే, 6.5 క్రీడ్‌మోర్ దాదాపు 9.3 గ్రాముల బుల్లెట్‌ని సెకనుకు 823 మీటర్ల వేగంతో తోస్తుంది. 7ఎంఎం-08 దాదాపు 9.1 గ్రాములది 853 మీటర్లతో. .308 దాదాపు 9.7 గ్రాములది 860 మీటర్లతో. .30-06 అయితే 11.7 గ్రాములది 823 మీటర్లతో. సగం ఎం వీ స్క్వేర్ వేయండి. వరుసగా 3140, 3300, 3590, 3950 జౌల్స్ చుట్టుపక్కల వస్తాయి. ఫోరమ్‌లలో జనం దీని మీదే ఏళ్ళ తరబడి కొట్టుకుంటారు, ఐఫోన్ వర్సెస్ ఆండ్రాయిడ్ లాగా.

ఎనర్జీ వదిలేసి మొమెంటమ్ చూడండి, అప్పుడు అసలు సరదా. 7ఎంఎం-08 బుల్లెట్ మొమెంటమ్ సుమారు 7.7. అదే మొమెంటమ్ 160 గ్రాముల క్రికెట్ బంతికి రావాలంటే గంటకి 174 కిలోమీటర్ల వేగంతో వేయాలి. షోయబ్ అఖ్తర్ 2003 వరల్డ్ కప్‌లో వేసిన రికార్డు బంతి 161.3. అంటే రైఫిల్ బుల్లెట్ "తోపు" అఖ్తర్ బంతికన్నా కాస్త ఎక్కువ, అంతే. బంతి తగిలితే మనిషి వెనక్కి పది అడుగులు ఎగరడు కదా! మన సినిమాల్లో హీరో కాల్చగానే విలన్ అద్దాలు పగలగొట్టుకుని గాల్లోకి లేస్తాడు. న్యూటన్ మూడో సూత్రం ప్రకారం అయితే హీరో కూడా అటువైపు అద్దంలోంచి పోవాలి. బుల్లెట్ చంపేది తోసి కాదు, లోపల గుండెనో ఊపిరితిత్తులనో చీల్చి. ఈ ఒక్క విషయం బుర్రకెక్కితే తూటా ఎంచుకునే పద్ధతే మారిపోతుంది. "ఎంత పవర్" అన్న ప్రశ్న పక్కకి పోయి, "సరైన చోట తగులుతుందా, తగిలాక సరిపడా లోతు వెళ్తుందా" అన్న రెండు ప్రశ్నలు ముందుకొస్తాయి.

మొదటి ప్రశ్న, తగలడం. బుల్లెట్ గన్ దాటిన క్షణం నుంచి కిందికి పడుతూనే ఉంటుంది. గాలి లేదనుకుంటే 7ఎంఎం-08 బుల్లెట్ 200 మీటర్లు పోవడానికి 0.234 సెకన్లు, ఈలోపు 27 సెంటీమీటర్లు పడుతుంది. క్రీడ్‌మోర్ 29 సెంటీమీటర్లు. తేడా రెండు సెంటీమీటర్లు! గాలి కలిపితే రెండూ 30 దాటతాయి కానీ ఆ తేడా పెద్దగా మారదు. జింక ఛాతీలో ప్రాణం ఉండే చోటు ఒక చిన్న పళ్ళెం అంత, 15 నుంచి 20 సెంటీమీటర్లు. స్కోప్‌ని సరిగ్గా సెట్ చేసుకుంటే ఈ నాలుగు తూటాలలో ఏదైనా 240 మీటర్లు అటూ ఇటూ దాకా గురి పైకీ కిందికీ మార్చకుండా ఆ పళ్ళెంలోనే పడుతుంది. రాంచ్‌లో చెట్ల మధ్య బావ కాల్చబోయేది వంద మీటర్లు. ఎక్కువలో ఎక్కువ నూటయాభై. నా స్ప్రెడ్‌షీట్‌లో అన్ని గ్రాఫులూ ఒకదాని మీద ఒకటి పడి ఒకే గీతలా కనిపించాయి. ఈ దూరంలో తూటాల మధ్య తేడా కన్నా కాల్చేవాడి ఊపిరి తేడానే ఎక్కువ.

అందుకే నాకు ఎనర్జీ కన్నా ముఖ్యం అనిపించింది వెనక్కి తన్నుడు. మూడున్నర కిలోల రైఫిల్‌కి, బుల్లెట్‌తో పాటు బయటికి దూకే గ్యాస్‌ని కూడా కలిపి లెక్కేస్తే, 7ఎంఎం-08 భుజం మీద సుమారు 19 జౌల్స్, .30-06 సుమారు 30 జౌల్స్. ఒకటిన్నర రెట్లు. భుజం నొప్పి అసలు సమస్య కాదు. రెండు మూడు సార్లు గట్టిగా తంతే నాలుగోసారి ట్రిగ్గర్ లాగేముందే కన్ను మూసుకుపోతుంది, చెయ్యి కదులుతుంది. కొత్తవాడు పెద్ద తూటాతో జంతువు పొట్టలో కొడతాడు, చిన్న తూటాతో ఛాతీలో కొడతాడు. పొట్టలో తగిలిన జంతువు వెంటనే చావదు, పొదల్లోకి పోయి గంటల తరబడి బాధపడుతుంది. వేటని సమర్థించేవాళ్ళూ, నాలాగా దాని మీద అనుమానం ఉన్నవాళ్ళూ ఒప్పుకునే మాట ఇదొక్కటే: కాల్చడమంటూ జరిగితే ఒక్కటే దెబ్బలో అయిపోవాలి.

రెండో ప్రశ్న లోతు. ఇక్కడ పంది తెలివైన డిజైన్. మగ పందికి భుజం మీద చర్మం కింద మందంగా, గట్టిగా కవచం లాంటిది పెరుగుతుంది, ఇంకో మగపంది కోరల నుంచి కాపాడుకోవడానికి. గుండె, ఊపిరితిత్తులు జింకలో కన్నా కిందికీ ముందుకీ, ముందుకాలి వెనకాలే ఉంటాయి. కాబట్టి బుల్లెట్ కవచం దాటాలి, దాటాక విచ్చుకోవాలి. ముందే విచ్చుకుంటే పైన పైనే ఆగిపోతుంది. అసలు విచ్చుకోకపోతే సూదిలా అవతలికి పోతుంది. సైన్యాలు వాడే పూర్తి రాగి తొడుగు బుల్లెట్ ఆ రెండో రకం, అందుకే అమెరికాలో చాలా రాష్ట్రాలు దాన్ని వేటకి ఒప్పుకోవు. వేటకి వాడేది మెత్తటి ముక్కు ఉన్నది, లేదా సీసం తొడుగుకి అతుక్కునేలా చేసినది, లేదా మొత్తం రాగితో చేసినది. సీసం రకం లోపల పొడి పొడిగా చెదిరి మాంసంలో కలుస్తుంది. ఆ మిగిలిన మాంసం తిన్న రాబందులకి సీసం విషం. కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి వేటలో సీసం బుల్లెట్లు పూర్తిగా బంద్, వాళ్ళ కాండర్ పక్షుల్ని కాపాడుకోవడం దీని వెనక ఉన్న పెద్ద కారణం. టెక్సాస్‌లో అలాంటి రూల్ లేకపోయినా బావకి నేను రాగివే చెప్పాను. ఏ తూటా అన్నదానికన్నా ఏ బుల్లెట్ అన్నది పెద్ద నిర్ణయం. దీన్ని మాత్రం ఎవరూ ఫోరమ్‌లో మొదటి పేజీలో చెప్పరు.

కట్టించుకునే రైఫిల్ కాబట్టి ఇంకో రెండు సంగతులు. .308, 7ఎంఎం-08, క్రీడ్‌మోర్ మూడూ పొట్టి తూటాలు, పొట్టి యాక్షన్‌లో పడతాయి. .30-06 కి పొడుగు యాక్షన్ కావాలి, బోల్ట్ ఇంకాస్త వెనక్కి లాగాలి, బరువు కొంచెం పెరుగుతుంది. నాలుగింటి అడుగు కొలత మాత్రం ఒకటే, .473 అంగుళాలు, 19వ శతాబ్దపు జర్మన్ మౌజర్ నుంచి వచ్చిన వారసత్వం. అందుకే రేపు బావ మనసు మారితే పొట్టి మూడింటిలో బ్యారెల్ ఒక్కటి మారిస్తే పని దాదాపు అయిపోతుంది. ఇంటర్‌ఫేస్ అదే, ఇంప్లిమెంటేషన్ వేరు. రెండోది బ్యారెల్ లోపలి మెలిక. బుల్లెట్ ఎంత పొడుగైతే అంత వేగంగా తిప్పాలి, లేకపోతే బొంగరం లాగా తూలుతుంది. దీనికి గ్రీన్‌హిల్ అనే ఆయన 1879లోనే ఫార్ములా ఇచ్చాడు. క్రీడ్‌మోర్ బ్యారెల్ ఎనిమిది అంగుళాలకి ఒక చుట్టు తిప్పుతుంది, .308 మామూలుగా పది నుంచి పన్నెండు అంగుళాలకి ఒకటి. రాగి సీసం కన్నా తేలిక కాబట్టి అదే బరువుకి రాగి బుల్లెట్ పొడుగవుతుంది, అప్పుడు మెలిక కూడా చూసుకోవాలి.

నా ఓటు 7ఎంఎం-08 కి. తన్నుడు తక్కువ, పంది కవచానికి చాలు. దీనికి సెంటిమెంట్ కారణం కూడా ఒకటి ఉంది. 7ఎంఎం-08 పనితనం దాదాపు పాత 7×57 మౌజర్ పనితనమే. ఇంగ్లీషువాళ్ళు దాన్నే .275 రిగ్బీ అన్నారు. చంపావత్ పులిని చంపినందుకు జిమ్ కార్బెట్‌కి 1907లో బహుమతిగా వచ్చింది ఆ రిగ్బీనే, 1926లో రుద్రప్రయాగ చిరుతని కొట్టిందీ దానితోనే. మన వైపు అడవుల్లో తిరిగిన కెన్నెత్ ఆండర్సన్‌ది మాత్రం వేరే పార్టీ. తిరుపతి దగ్గర చామల లోయలో పులి వెంట పడ్డ ఆయన నమ్ముకున్నది .405 విన్చెస్టర్, దాదాపు 19 గ్రాముల బుల్లెట్. ఒకరు సన్నగా వేగంగా, ఇంకొకరు లావుగా నెమ్మదిగా. ఇద్దరూ బతికి బయటపడి పుస్తకాలు రాశారు, కాబట్టి ఈ గొడవ అప్పుడూ తేలలేదు.

బావ నా మాట వినలేదు. .308 తీసుకున్నాడు. "ఏ చిన్న ఊరి షాపులో చూసినా .308 ఉంటది, 7ఎంఎం-08 కోసం నేను ఆన్‌లైన్లో వెతుక్కోవాలి. ఖరీదైతే ప్రాక్టీస్ చెయ్యను, ప్రాక్టీస్ లేకపోతే నీ లెక్కలెందుకు?" అన్నాడు. లైబ్రరీ ఎంత బాగున్నా డాక్యుమెంటేషన్, కమ్యూనిటీ లేకపోతే ప్రాజెక్ట్‌లో వాడం కదా. ఒప్పుకున్నాను. కాస్త బరువైన స్టాక్ పెట్టించుకోమన్నా, తన్నుడు తగ్గుతుందని. అది మాత్రం విన్నాడు.

ఇక్కడ ఎంఎస్‌కి వెళ్ళే ప్లాన్ ఉన్నవాళ్ళు ఒక నిమిషం ఆగి చదవండి. మన సీనియర్లు చాలామంది అమెరికా వెళ్ళిన మొదటి ఏడాదే రేంజ్‌కి వెళ్ళి గన్‌తో ఫొటో పెడతారు. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు, అంటే ఎఫ్-1 అయినా హెచ్-1బి అయినా, గన్ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడమే నేరం. "ఫ్రెండ్‌ది, ఊరికే పట్టుకున్నా" అన్నా లెక్క అదే కావచ్చు. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి, మనవాళ్ళకి ఎక్కువగా పనికొచ్చేది అక్కడి ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. ఇప్పుడు మెలిక చూడండి. 2019 సెప్టెంబర్ నుంచి టెక్సాస్‌లో ప్రైవేట్ భూమిలో యజమాని ఒప్పుకుంటే అడవి పందిని కొట్టడానికి హంటింగ్ లైసెన్సే అక్కర్లేదు. రాష్ట్రం అక్కర్లేదంది కదా అని వీసా కుర్రాడు లైసెన్స్ లేకుండా వెళ్తే, వేట సక్రమమే, చేతిలో రైఫిల్ మాత్రం అక్రమం! జైలు సంగతి అటుంచితే, వీసా మీద ఉన్నవాడికి గన్ కేసు అంటే తిరుగు టికెట్టే. గ్రీన్ కార్డ్ ఉన్న బావకి ఈ బాధ లేదు. వాడి రూమ్మేట్‌కి ఉంది. యూనివర్సిటీల రూల్స్ ఇంకా వేరే. వెళ్ళేముందు లాయర్‌ని ఒక్కసారి అడగండి, వాట్సాప్ గ్రూప్‌ని కాదు.

బావ మొదటి పంది ఫొటో ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టినప్పుడు అత్తయ్య "ఛీ, తీసేయ్ రా" అంది. మామయ్య మాత్రం జూమ్ చేసి చేసి చూసి నాకు ఫోన్ చేశాడు. "ఇది మన పందే గదరా!"

మన పందే. శాస్త్రం ప్రకారం కూడా. టెక్సాస్ అడవి పందీ, వికారాబాద్ అవతల మా మామయ్య మక్క చేలోకి వచ్చే పందీ ఒకే జాతి, సస్ స్క్రోఫా. అక్కడిది ఒకప్పుడు యూరప్ వాళ్ళు పడవల్లో తెచ్చిన పెంపుడు పందుల సంతానం, తర్వాత వేట కోసం తెచ్చి వదిలిన అడవి పందులతో కలిసింది. అందుకే అక్కడ అది చొరబాటుదారు, కొట్టినవాడికి దండ. ఇక్కడ అది ఈ నేలదే, పులికి తిండి, 2022 సవరణ తర్వాత వన్యప్రాణి చట్టం రెండో షెడ్యూల్‌లో ఉంది. కొడుకు వారాంతం సరదాకి కొట్టేదాన్ని తండ్రి ముట్టుకోకూడదు. మామయ్యకి దీంట్లో కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువ.

1972 చట్టంతో వేట ఆగిపోయింది, అది అందరికీ తెలిసిందే. దాని 11వ సెక్షన్‌లో చిన్న తలుపు ఉంది. మనుషులకి గానీ ఆస్తికి గానీ ప్రమాదమైన జంతువుని, చట్టం ఇక్కడ చేలో నిలబడి ఉన్న పంటని కూడా ప్రత్యేకంగా రాసింది, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా ఆయన అధికారమిచ్చిన ఆఫీసర్ రాతపూర్వకంగా అనుమతిస్తే కొట్టొచ్చు. ఆ కాగితం వచ్చేలోపు మక్క కంకులు ఉంటాయా అన్నది మామయ్య ప్రశ్న.

సరే, అనుమతి వచ్చిందనుకుందాం. దేనితో? బావ .308 ఇక్కడ దొరకదు. సైన్యం 7.62×51 కీ .308 కీ తేడా పేరుకే. సైన్యం తూటా పట్టే బోర్‌లు మన ఆయుధ నియమాల్లో ప్రొహిబిటెడ్, పాత .303 కూడా అంతే. బ్రిటిష్ వాళ్ళ కాలం నాటి భయం అది, సైన్యం తూటా జనం గన్‌లో పట్టకూడదని. ఆ భయం నుంచే మన .315 వచ్చింది. ఆస్ట్రియా పాత సైనిక తూటా 8×50 మాన్లిషర్‌ని సివిలియన్లకి వాడారు, మన సైన్యం గన్‌లలో అది పట్టదు కాబట్టి. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 స్పోర్టింగ్ రైఫిల్ దశాబ్దాలుగా చేస్తోంది. ప్రపంచమంతా వదిలేసిన తూటా మన దగ్గర ఇంకా "స్టాండర్డ్", లెగసీ సిస్టమ్ అంటే ఇదే. లావుగా, గుండ్రటి ముక్కుతో, నెమ్మదిగా పోయే బుల్లెట్. నిజం చెప్పాలంటే వంద మీటర్లలో పందికి అది తక్కువేం కాదు. అక్కడ పదుల రకాల్లోంచి ఏరుకోవడం ఒక హాబీ, ఇక్కడ ఎంపిక ఎప్పుడో ఎవరో చేసేశారు.

రైతు కోసం ఆయుధ చట్టం ఏం రాసిందో చూసి నేను రెండుసార్లు చదివాను. 1959 చట్టం 13వ సెక్షన్‌లో పంట కాపుదలకి అని పేరు పెట్టి చెప్పింది మజిల్ లోడింగ్ గన్. అంటే గొట్టం ముందు నుంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో కూరి కాల్చేది. మన ఊళ్ళలో నాటు తుపాకీ అంటాం, లైసెన్స్ ఉన్నదీ లేనిదీ రెండూ. ఒక్క దెబ్బ పోతే రెండోది నింపేసరికి పంది పక్క ఊరికి పోతుంది. గాయపడి పొదలో కూర్చునే పంది కథ ఇక్కడే ఎక్కువ.

అలాగని రైతులందరికీ మంచి రైఫిళ్ళు ఇవ్వాలని నేను అనను. ఈ మాట మామయ్యతోనూ అన్నాను. రైఫిల్ బుల్లెట్ గురి తప్పితే కిలోమీటర్ల దూరం పోతుంది. టెక్సాస్ రాంచ్‌లో ఆ కిలోమీటర్లలో గడ్డి తప్ప ఏమీ ఉండదు. మా ఊళ్ళో రాత్రి ప్రతి చేనుకీ ఒక మంచె, ప్రతి మంచె మీదా ఒక మనిషి. ఎకరం రెండెకరాల కమతాల్లో అంత దూరం పోయే ఆయుధం అంటే ఎవరి మంచె వైపు పోతుందో చెప్పలేం. ఎత్తు మంచె మీంచి కిందికి, నేలలోకి పోయేలా, తెలిసినవాడు కాలిస్తేనే కాస్త నయం. ఆ తెలిసినవాళ్ళు, లైసెన్స్ ఉన్నవాళ్ళు, జిల్లాకి ఎంతమంది ఉంటారు?

తుపాకీ లేనిచోట వచ్చింది కరెంటు. చేను చుట్టూ తీగ కట్టి లైన్‌కి తగిలించడం. మన రెండు రాష్ట్రాల్లో ప్రతి సీజన్‌లో పేపర్ జిల్లా ఎడిషన్‌లో ఈ వార్త ఉంటుంది: పందికి పెట్టిన తీగ తగిలి రైతు మృతి. ఒక్కోసారి తీగ పెట్టినవాడే, ఒక్కోసారి నీళ్ళు పెట్టడానికి తెల్లారుజామున వచ్చిన పక్క చేను మనిషి. చిరుతలూ పులులూ పడ్డాయి. 3000 జౌల్స్ బుల్లెట్‌కి కనీసం ఒక గురి ఉంటుంది, ఆ తీగకి అది కూడా లేదు. మా మామయ్య పక్క చేనులో పోయినేడు ఒకాయన ఈ తీగే కట్టాడు. మామయ్య రాత్రి టార్చ్ లేకుండా గట్టు దాటడం మానేశాడు.

ఇంతా చేసి మనకి అడవి పంది ఎక్కడో వికారాబాద్‌లో ఉందనుకోకండి. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లో జింకలతో పాటు పందులూ ఉన్నాయి, ఐటీ టవర్లకి కూతవేటు దూరంలో. షూటింగ్ రేంజ్ కూడా ఆ పక్కనే. లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ మన హైదరాబాదీ. నిజంగా గన్ పట్టుకోవాలని ఉంటే దారి అదే. 20 జౌల్స్ లోపు .177 ఎయిర్ రైఫిల్‌కి లైసెన్స్ అక్కర్లేదు, మామూలు ఆయుధ లైసెన్స్‌కి అయితే 21 ఏళ్ళు నిండాలి. ఆ 20 జౌల్స్ అంటే 7ఎంఎం-08 కాల్చినవాడి భుజానికి వెనక్కి తగిలే దెబ్బ అంత. లెక్కల్లో ఇలాంటివి తగిలినప్పుడే నాకు ఈ రెండు వారాలు దండగ కాలేదనిపించింది.

మామయ్య విషయానికొస్తే, రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు పందుల కోసం చెప్పే ఉపాయాలు కొన్ని ఉన్నాయి. యాసంగి పల్లి చుట్టూ నాలుగు వరుసలు కుసుమ వేయమంటారు, ముళ్ళకి పంది దూరదు, కుసుమ గింజలు అమ్ముకోవచ్చు కూడా. మక్కకి చుట్టూ ఆముదం. మంగలి షాపు నుంచి వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లడం, నేల వాసన చూస్తూ నడిచే పందికి ముక్కులోకి పోతాయని. కోడిగుడ్డు ద్రావణం పిచికారీ. మామయ్య పాత చీరలు ఎప్పటినుంచో కడుతున్నాడు, పందులు వాటికి అలవాటు పడిపోయాయి. ఈసారి కుసుమ వేశాడు. ఖర్చు బావే పంపాడు, తన తూటా డబ్బా ధర కన్నా తక్కువైందట. పోయిన ఆదివారం వెళ్ళి చూశాను, కుసుమ మోకాలెత్తు వచ్చింది, తూర్పు మూలన మాత్రం మొలవలేదు. పంది అడుగులు కూడా ఆ మూలనే ఉన్నాయి. అక్కడ ముళ్ళకంప కొట్టి అడ్డం వేసి వచ్చాం.